వాయించింది వాళ్లే

లాస్ ఏంజిలిస్ నగరంలో సన్‌సెట్ స్ట్రిప్ మీద 1964 జనవరిలో ‘విస్కీ ఎ గో గో’ అని ఒక క్లబ్బు తెరిచారు. హాల్లో జాగా తక్కువ. అందుకని రికార్డులు మార్చే అమ్మాయిని జనం తలల మీదుగా, గాజు పలకల గదిలో కూర్చోబెట్టారు. పాట నడుస్తుండగా ఆ అమ్మాయి అక్కడే చిందులేయడం మొదలుపెట్టింది. చూసేవాళ్లకు అది తెగ నచ్చింది. యజమానులు మరికొన్ని పంజరాలు కట్టించి మరికొందరు అమ్మాయిలను ఎక్కించారు. ‘గో-గో డాన్సర్’ అన్న మాట అమెరికా అంతటా పాకడానికి ఆ క్లబ్బే పెద్ద కారణం. కింద వేదిక మీద గిటార్లు పట్టుకున్న మగవాళ్లు, పైన పంజరంలో ఆడే ఆడపిల్లలు. చాలాకాలం అక్కడ అదే అమరిక.

పదిహేనేళ్లు తిరిగేసరికి అదే క్లబ్బు వేదిక మీదికి అయిదుగురు అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. గిటార్లు వాళ్లవే, బాస్ వాళ్లదే, డ్రమ్స్ వాళ్లవే, పాటలూ వాళ్లవే. బ్యాండ్ పేరు ‘ది గో-గోస్’. వాళ్ల తొలి ఆల్బమ్ ‘బ్యూటీ అండ్ ద బీట్’ 1981 జూలై 8న విడుదలైంది. ఎనిమిది నెలలకు, 1982 మార్చి 6న, బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరి ఆరు వారాలు అక్కడే ఉంది. 20 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి.

తమ పాటలు తామే రాసుకుని, తమ వాద్యాలు తామే వాయించుకున్న ఆడవాళ్ల బ్యాండ్ ఒకటి ఆ పట్టికలో మొదటి స్థానం అందుకోవడం అదే తొలిసారి. ఈ ఆల్బమ్ గురించి ఎవరు రాసినా ఈ వాక్యం తప్పనిసరిగా వస్తుంది. వాక్యంలో తప్పేమీ లేదు. అయితే నలభై ఏళ్లుగా దీన్ని ఒక పతకంలా మెడలో వేసి, ఆ పతకం వెనక ఉన్న సంగీతాన్ని పక్కన పెట్టేశారు. ఆ వాక్యంలో అసలు బరువున్న మాట ‘ఆడవాళ్లు’ అన్నది కాదు, ‘వాయించుకున్న’ అన్నది. ఈ అయిదుగురికి దక్కాల్సిన గౌరవం ఆ క్రియాపదం దగ్గరే తేలాలి.

ఎందుకంటే పాడే ఆడవాళ్లకు అమెరికాలో ఎన్నడూ కొదవ లేదు. డయానా రాస్ ముందుండి నడిపిన ‘ది సుప్రీమ్స్’ బృందం ఆల్బమ్ 1966లోనే మొదటి స్థానానికి వెళ్లింది. చిత్రంగా దాని పేరులోనూ ‘ఎ గో-గో’ అన్న మాట ఉంది. ఆ గొంతులు అద్భుతమైనవి. కానీ వాటి వెనక వాయించింది మోటౌన్ కంపెనీ కొలువులోని వాద్యకారులు. ఆడది పాడితే మురిసిపోయే సంగీత వ్యాపారం, ఆమె డ్రమ్ముల వెనక కూర్చుంటానంటే మాత్రం వింతగా చూసింది. ఫిలిప్పీన్స్ నుంచి కాలిఫోర్నియాకు వచ్చి స్థిరపడ్డ మిల్లింగ్టన్ అక్కచెల్లెళ్లు ‘ఫ్యానీ’ అనే బ్యాండ్ పెట్టి, 1970లో పెద్ద కంపెనీ నుంచే ఆల్బమ్ తెచ్చారు. చాలా గట్టిగా వాయించారు. వాళ్లను గొప్ప బ్యాండ్లలో ఒకటిగా మెచ్చుకున్న డేవిడ్ బోవీ, అందరూ వాళ్లను మరిచిపోయారని తర్వాత బాధపడ్డాడు. 1975లో మొదలైన ‘ది రన్అవేస్’ అమ్మాయిలను వాళ్ల మేనేజరు పాటకన్నా వయసు చూపించి అమ్మడానికే తొందరపడ్డాడు. నాలుగేళ్లకు ఆ బ్యాండ్ చెదిరిపోయింది.

గో-గోస్ ఇలాంటి నేల మీద మొలిచారు. 1978లో హాలీవుడ్‌లో ఒక భవనం నేలమాళిగలో ‘మాస్క్’ అనే పంక్ క్లబ్బు ఉండేది. అక్కడికొచ్చే కుర్రకారులో ఎవరికీ సంగీతం సరిగ్గా రాదు, వచ్చి తీరాలన్న పట్టింపూ లేదు. పంక్ ఇచ్చిన గొప్ప వరం అదే. పాడే బెలిండా కార్లైల్, గిటారు పట్టిన జేన్ వీడ్లిన్, బాస్ పట్టిన మార్గో ఒలవారియా, డ్రమ్స్ మీద ఎలిస్సా బెల్లో కలిసి బ్యాండ్ అనుకున్నారు. తొలి ప్రదర్శన నాటికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పాటలే ఉన్నాయి. వాటిని కూడా కిందా మీదా పడుతూ వాయించారు.

ఆ గుంపులోకి వచ్చిన షార్లెట్ కాఫీ కథ ముచ్చటగా ఉంటుంది. కాలేజీలో సంగీతం చదువుకున్న మనిషి, పియానో బాగా వచ్చు, అప్పటికే ఒక బ్యాండులో బాస్ వాయిస్తోంది. లీడ్ గిటారు వాయిస్తావా అని వీళ్లడిగితే వెంటనే సరేనంది. ఆమె అంతకుముందు లీడ్ గిటారు వాయించిందే లేదు. ఒప్పుకున్నాక నేర్చుకుంది. మూడేళ్ల తర్వాత ఆల్బమ్‌లో సగానికి పైగా పాటలకు ఆమె చెయ్యి పడింది. గట్టిగా చెప్పాలంటే ఈ బ్యాండుకు రాగజ్ఞానం తెచ్చింది షార్లెటే.

క్రమశిక్షణ తెచ్చింది మాత్రం జీనా షాక్. అమెరికా తూర్పు తీరాన బాల్టిమోర్ నుంచి ఒక పికప్ బండిలో డ్రమ్ సెట్టు వేసుకుని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చింది. 1979లో బెల్లో స్థానంలో బ్యాండులో చేరింది. చేరీ చేరగానే వారంలో ఎప్పుడో ఒకసారి కలుద్దాంలే అన్న ధోరణికి స్వస్తి పలికింది. దాదాపు రోజూ సాధన అంది, అనిపించింది, చేయించింది. పంక్ గోల కాస్తా పాటగా మారిన మలుపు ఇదే. ఏ బృందానికైనా తాళం నిలబెట్టే మనిషి ఒకరుండాలి. భజన మేళంలో మృదంగం తడబడితే గొంతు ఎంత గొప్పదైనా మేళం నిలవదని తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1980లో ఈ బ్యాండు ఇంగ్లండు వెళ్లింది. అంతకుముందు లాస్ ఏంజిలిస్ వచ్చిన ‘మ్యాడ్‌నెస్’ బృందానికి ముందు వీళ్లు వాయించారు. ఆ పరిచయంతో మ్యాడ్‌నెస్, ‘ది స్పెషల్స్’ వెంట ఇంగ్లండులో తిరిగే అవకాశం వచ్చింది. ఖర్చులకు చేతిలో చిల్లిగవ్వ లేదు. మేనేజరు జింజర్ కాంజొనెరి తనకున్నవి అమ్మీ, తాకట్టు పెట్టీ డబ్బు కూడగట్టింది. తీరా అక్కడికి వెళితే, గుండ్లు గీయించుకున్న కుర్రమూకలు వేదిక మీదున్న అమ్మాయిల మీద ఉమ్మేశాయి. పలకడానికి వీల్లేని మాటలన్నాయి. అమ్మాయిలు వేదిక దిగాక ఏడ్చారు, మర్నాడు మళ్లీ ఎక్కి వాయించారు. నెలల తరబడి అలా వాయించి వెనక్కి వచ్చేసరికి బ్యాండు గట్టిపడింది. అక్కడి ‘స్టిఫ్’ కంపెనీ వాళ్ల ‘వుయ్ గాట్ ద బీట్’ పాటను చిన్న రికార్డుగా తెచ్చింది. అది విదేశీ సరుకుగా అమెరికా క్లబ్బులకు తిరిగొచ్చి మోగింది.

ఇంటికి వచ్చాక వీళ్ల ప్రదర్శనలకు టికెట్లు దొరికేవి కావు. అయినా రికార్డు కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి తలుపులేశాయి. ఆడవాళ్ల బ్యాండు ఇంతవరకూ పెద్ద హిట్టు కొట్టిన దాఖలా లేదు కాబట్టి డబ్బు పెట్టలేమన్నది వాళ్ల వాదన. గింజ వేయనిదే మొలక చూపించమన్నట్టుంది ఈ లెక్క. ప్రతిభ తెలియక వేసిన తలుపులు కావవి. హాలు నిండడం, జనం ఊగిపోవడం ఆ కంపెనీల మనుషులు కళ్లారా చూశారు. చూసి కూడా కాదన్నారు. చివరికి 1981లో మైల్స్ కోప్లండ్ అనే ఆయన తన చిన్న కంపెనీ ‘ఐ.ఆర్.ఎస్.’ తరఫున ఒప్పందం రాసుకున్నాడు. ‘ది పోలీస్’ బ్యాండుకు మేనేజరు ఆయన. ఆ బ్యాండు డ్రమ్మరు స్టూవర్ట్ కోప్లండ్ ఆయన తమ్ముడే.

ఈలోగా బ్యాండులో ఒక మార్పు జరిగింది. దాన్ని దాటేసి ముందుకు పోవడం న్యాయం కాదు. బ్యాండు పుట్టుకలో ఉన్న మార్గో ఒలవారియాను 1980 చివర్లో తప్పించారు. ఆమె పంక్ ధోరణిని వదులుకోదలచలేదు, మిగతావాళ్లు పాప్ వైపు మొగ్గారు. పైగా సరిగ్గా ఆ సమయానికి ఆమె జబ్బుపడి ఉంది. ఆమె చోటికి కాథీ వాలెంటైన్ వచ్చింది. టెక్సస్ పిల్ల, గిటారు వాయించేది, బాస్ ఆమె వాద్యం కాదు. విస్కీ ఎ గో గోలో సంవత్సరాంతపు ప్రదర్శనలు దగ్గరపడ్డాయి. కొద్ది రోజుల్లోనే పాటలన్నీ బాస్ మీద నేర్చుకుని వేదికెక్కింది. అప్పటినుంచి ఆ అయిదుగురే గో-గోస్. విజయం వాళ్లది, మార్గోకు జరిగిన అన్యాయం కూడా వాళ్ల ఖాతాలోదే. ఆ తర్వాత ఆమె కోర్టుకెక్కింది, రాజీతో అది ముగిసింది.

ఆల్బమ్ న్యూయార్కులో తయారైంది. నిర్మాతలు రిచర్డ్ గాటరర్, రాబ్ ఫ్రీమన్. గాటరర్ పాత కాపు. అమ్మాయిల బృందాలు అరవైల్లో పాడిన హిట్ పాటలు కొన్ని రాసిన చెయ్యి ఆయనది, ‘బ్లాండీ’ బ్యాండు తొలి ఆల్బమ్ కూడా ఆయనే చేశాడు. గో-గోస్ పాటలు విని ఆయన చెప్పింది ఒక్కటే, వేగం తగ్గించమని. క్లబ్బుల్లో తరుముకొచ్చినట్టు వాయించే అలవాటు వీళ్లది. ఆ వేగంలో మాట వినపడదు, రాగం నిలవదు. తగ్గించారు. పూర్తయిన ఆల్బమ్ చేతికొచ్చాక విని అమ్మాయిలు బావురుమన్నారు. తమను పంక్ బ్యాండు అనుకుంటున్నవాళ్లకు ఇంత శుభ్రంగా, ఇంత తియ్యగా వినిపిస్తున్న ఆ రికార్డు ఎవరిదో అనిపించింది. పాత స్నేహితుల ముందు తలెత్తుకోలేమనుకున్నారు.

ఈ గొడవలో గాటరర్‌దే పైచెయ్యి అని ఆల్బమే చెబుతుంది. వేగం తగ్గాకే ఈ పాటల ఎముకలు కనిపించాయి. ‘వుయ్ గాట్ ద బీట్’ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వింటే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆ పాటను కాస్త దగ్గరగా వినాలి. మొదట గిటారు లేదు, గొంతు లేదు. డ్రమ్ముల మీద దరువు ఒక్కటే. లోతుగా మోగే పెద్ద డ్రమ్ముల మీద చేతులు దొర్లుతుంటాయి, మధ్యలో గట్టి దెబ్బ పడుతుంటుంది. కొన్ని క్షణాలు ఆ దరువే రాజ్యమేలుతుంది. డప్పు విని పెరిగిన చెవికి ఇది ఏమాత్రం పరాయిగా అనిపించదు. కాలు దానంతటదే ఆడుతుంది. తర్వాత గిటారు వచ్చి అదే నడకను పట్టుకుంటుంది, ఆ మీదట బెలిండా గొంతు. అంటే దేశమంతా పాడుకున్న ఈ పాటకు ముఖం గొంతు కాదు, డ్రమ్ము. అమ్మాయిలకు చేతగాదని తరతరాలుగా అనిపించుకున్న వాద్యంతోనే పాట తెరుచుకుంటుంది. ఇది రాసింది షార్లెట్, దాన్ని నిలబెట్టింది జీనా. ఎల్పీ రికార్డులో రెండో వైపు మొదలయ్యేది దీంతోనే.

మొదటి వైపు మొదటి పాట ‘అవర్ లిప్స్ ఆర్ సీల్డ్’ది మరో రకం అందం. స్పెషల్స్ గాయకుడు టెర్రీ హాల్, జేన్ వీడ్లిన్ కొద్దికాలం ప్రేమలో పడ్డారు. అతనికి ఇంగ్లండులో మరో అమ్మాయితో బంధం ఉంది. గుట్టుగా సాగిన ఆ వ్యవహారం మీద అతను కొన్ని పంక్తులు రాసి ఉత్తరంలో పంపాడు. జేన్ దాన్ని పాటగా పూర్తిచేసింది. లోకుల నోళ్లకు తాళం వేయలేం, మనం మాత్రం పెదవి విప్పొద్దు అన్నది దాని సారం. పాట పైకి ఎండలో తిరిగినంత హాయిగా ఉంటుంది. మధ్యలో అంతా నెమ్మదించి, జేన్ సన్నని గొంతు చెవిలో చెప్పినట్టు వినపడే చోట దాని బాధ బయటపడుతుంది. రెండేళ్ల తర్వాత హాల్ ఇదే పాటను తన ‘ఫన్ బాయ్ త్రీ’ బృందంతో రికార్డు చేశాడు. దిగులు నిండిన ఆ రూపమూ బాగుంటుంది. కానీ దిగులును నవ్వు వెనక దాచిన జేన్ రూపమే మనసులో ఎక్కువకాలం నిలుస్తుంది.

మిగతా తొమ్మిది పాటల్లో ‘దిస్ టౌన్’, ‘లస్ట్ టు లవ్’ గురించి తప్పక చెప్పుకోవాలి. మొదటిది లాస్ ఏంజిలిస్ మీద పాట. మెరుపునూ కుళ్లునూ ఒకే చూపులో చూస్తుంది, ఊరిని ప్రేమిస్తూనే కడిగేస్తుంది. షార్లెట్ గిటారులో కాలిఫోర్నియా సముద్రతీరపు సర్ఫ్ సంగీతం ఛాయలు అందులో స్పష్టంగా వినిపిస్తాయి. రెండోదాంట్లో ఒక ఆడమనిషి కోరికను ఆటగా మొదలుపెట్టి, ప్రేమలో చిక్కుకుని, ఆ ఓటమిని తనే ఒప్పుకుంటుంది. 1981లో ఆ మాట అమ్మాయిలే రాసి, అమ్మాయి పాడి, అమ్మాయిలే వాయించడం చిన్న సంగతి కాదు. ఒకటి రెండు పాటలు పలచగా ఉన్నాయన్న మాటా నిజమే. ‘ఆటోమేటిక్’ ఒకచోట ఆగిపోయినట్టుంటుంది. అయితే పదకొండు పాటలూ అరగంట దాటి కాసేపటికల్లా ముగిసిపోతాయి, విసుగుకు చోటుండదు.

అదృష్టమూ కలిసొచ్చింది. ఆల్బమ్ వచ్చిన మూడు వారాలకు, 1981 ఆగస్టు 1న, ఎంటీవీ మొదలైంది. రోజంతా పాటల వీడియోలు వేయాల్సిన ఛానలు అది, చేతిలో ఉన్న వీడియోలు బహు తక్కువ. ‘అవర్ లిప్స్ ఆర్ సీల్డ్’ వీడియోను పోలీస్ బ్యాండు వీడియోలకని కేటాయించిన డబ్బులో మిగిలినదాంతో లాగించారు. టాపులేని పాత కారులో అయిదుగురూ ఊరంతా తిరుగుతారు. చివరికి బెవర్లీ హిల్స్‌లో ఒక ఫౌంటెన్‌లోకి దిగి నీళ్లు చిమ్ముకుంటారు. పోలీసులు వచ్చి పట్టుకుంటే వీడియో ఇంకా బాగుంటుందని ఎదురుచూశారట. ఎవరూ రాలేదు. ఆ నవ్వుల్లో నటన తక్కువ. స్నేహితులు కలిసి తిరిగినట్టే ఉంటుంది. చూసిన ఆడపిల్లలకు నచ్చింది ఆ స్నేహమే.

తర్వాత పోలీస్ బ్యాండు యాత్రలో ముందు వాయించే బృందంగా దేశమంతా తిరిగారు. యాత్ర సాగుతుండగానే ముందు వాయించేవాళ్ల ఆల్బమ్ అసలు బ్యాండు ఆల్బమ్‌ను దాటి మొదటి స్థానానికి వెళ్లిపోయింది. పోలీస్ గాయకుడు స్టింగ్ షాంపేన్ సీసా పట్టుకుని వీళ్ల గదికి వచ్చి అభినందించాడని అయిదుగురూ చెప్పుకుంటారు. 1982 ఏప్రిల్‌లో ‘వుయ్ గాట్ ద బీట్’ పాటల పట్టికలో రెండో స్థానానికి చేరి మూడు వారాలు ఉంది. మొదటి స్థానం అందకుండా అడ్డుపడ్డ పాట ‘ఐ లవ్ రాక్ ఎన్ రోల్’. దాని గాయని, గిటారిస్టు జోన్ జెట్, రన్అవేస్ బ్యాండులో ఎదిగిన అమ్మాయి. ఆడవాళ్ల రాక్ అమ్ముడుపోదని కంపెనీలు తీర్మానించిన దేశంలో ఆ వారాల్లో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే.

మరి పత్రికలు వీళ్లను ఎలా చూపించాయి? ఆల్బమ్ అట్ట మీద అయిదుగురూ తువ్వాళ్లు చుట్టుకుని, ముఖాలకు తెల్లటి క్రీము పూసుకుని ఉంటారు. ఎవరు ఎవరో పోల్చుకోవడం కూడా కష్టం. అందంగా తయారైన ముఖం కోసం చూసేవాళ్లకు, ఆ తయారీలో ఉన్న ముఖాన్ని చూపించారు. ఫొటో తీయించుకున్నాక ఆ తువ్వాళ్లను దుకాణానికి తిరిగి ఇచ్చేశారట, అంత బీద నిర్మాణం అది. ఆ చిలిపితనం వాళ్లది. 1982 ఆగస్టులో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక ముఖచిత్రం సంగతి వేరు. ఫొటో తీసింది అనీ లీబోవిట్జ్. తెల్లని లోదుస్తుల్లో అయిదుగురినీ నిలబెట్టి తీసిన ఆ బొమ్మ మీద పత్రికవాళ్లు ద్వంద్వార్థం ధ్వనించే శీర్షిక వేశారు. ఆ శీర్షిక చూసి అమ్మాయిలు మండిపడ్డారు. దేశంలో ఎక్కువగా అమ్ముడవుతున్న బ్యాండుకు ఒక సంగీత పత్రిక ఇచ్చిన మర్యాద అది. ఒక్కరి చేతిలోనూ వాద్యం లేదు. ఈ ఆల్బమ్ చరిత్రలో అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన ఘట్టం ఇదే, ఆ సిగ్గు ఆ అయిదుగురిది కాదు.

ఆ పై కథ వేగంగా కిందికి జారింది. అదే ఏడాది రెండో ఆల్బమ్, 1984లో మూడోది వచ్చాయి. మాదకద్రవ్యాలు బ్యాండును తినేశాయి, షార్లెట్ హెరాయిన్‌కు బానిసైంది. తన నగా నట్రా తాకట్టు పెట్టి వీళ్లను నిలబెట్టిన జింజర్‌ను కాదని పెద్ద సంస్థ మేనేజర్ల పంచన చేరారు. ఆ తప్పు గురించి తర్వాత వాళ్లే బాధపడ్డారు. అన్నిటికన్నా పెద్ద చిచ్చు డబ్బు లెక్కది. పాట రాసినవాళ్లకు వచ్చే వాటా పెద్దది, వాయించినవాళ్లకు వచ్చేది చిన్నది. ‘వుయ్ గాట్ ద బీట్’ను దరువుతో నిలబెట్టిన జీనాకు ఆ పాట రచనలో వాటా లేదు. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. దరువే పాటకు ప్రాణమైనప్పుడు దాన్ని రచన కాదనడం మాత్రం సంగీత వ్యాపారంలో ఇప్పటికీ తీరని అన్యాయం. 1984లో జేన్ వెళ్లిపోయింది, 1985లో బ్యాండు విడిపోయింది. తర్వాత ఎన్నోసార్లు కలిశారు, కోర్టుల్లో తలపడ్డారు, మళ్లీ కలిశారు.

ఈ ఆల్బమ్ నాటిన విత్తనాలు మాత్రం వాళ్ల గొడవలతో పనిలేకుండా మొలిచాయి. అదే లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చిన ‘ది బ్యాంగిల్స్’ 1986లో తెచ్చిన ఆల్బమ్ రెండో స్థానం దాకా వెళ్లింది. తొంభైల్లో అమెరికాలో అమ్మాయిల పంక్ ఉద్యమానికి గొంతైన ‘బికినీ కిల్’ గాయని కాథ్లీన్ హానా, చిన్నప్పుడు గో-గోస్‌ను చూడటం తనకెంత పెద్ద సంగతో 2020లో వచ్చిన డాక్యుమెంటరీలో చెప్పింది. దాన్ని తీసింది అలిసన్ ఎల్వుడ్. ఆ సినిమా వచ్చాకే చాలామంది ఈ బ్యాండు వైపు మళ్లీ చూశారు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు కూడా అప్పుడే చూశారు. తొలి రికార్డు వచ్చిన 25 ఏళ్లకు అక్కడ అర్హత వస్తుంది. ఆ లెక్కన గో-గోస్‌కు 2006 నాటికే అర్హత ఉంది. పిలుపు 2021లో వచ్చింది. పదిహేనేళ్లు వాళ్ల పేరు గుర్తుకు రాకపోవడం పొరపాటు అనుకోలేం. 2019 దాకా అక్కడ చోటు దక్కినవాళ్లలో ఆడవాళ్లు 8 శాతం లోపేనని సంగీత విమర్శకురాలు ఎవెలిన్ మెక్‌డొనెల్ లెక్క తేల్చారు. ఎంపిక చేసే చేతులు, వాయించే చేతులను చూడకపోవడం వల్ల వచ్చిన అంకె అది.

ఇదంతా అమెరికా కథే కదా అని తెలుగు పాఠకులు పక్కన పెట్టక్కర్లేదు. మన పెళ్లిళ్లలో, ఊరి జాతరల్లో ఆర్కెస్ట్రా వేదికను ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు. ముందు మైకు పట్టుకున్న అమ్మాయి ఉంటుంది. కీబోర్డు, ప్యాడ్లు, తబలా, గిటారు దగ్గర ఆమెలాంటి అమ్మాయి కనిపించడం అరుదు. కూతురికి సంగీతం నేర్పించే ఇళ్లకు మన దగ్గర లోటు లేదు, వీణ, వయొలిన్ నేర్చే ఆడపిల్లలూ ఉన్నారు. డ్రమ్ సెట్టు కొనిపెట్టే ఇల్లు ఎక్కడో ఒకటి. దేశంలో ఇంకా కఠినమైన ఉదాహరణ ఉంది. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో జరిగిన బ్యాండ్ల పోటీలో ‘ప్రగాశ్’ అనే బడికెళ్లే ముగ్గురు ఆడపిల్లల రాక్ బ్యాండుకు బహుమతి వచ్చింది. వెంటనే ఆన్‌లైన్‌లో బెదిరింపులు మొదలయ్యాయి, మతపెద్ద తప్పుపట్టాడు. 2013 ఫిబ్రవరికల్లా ఆ పిల్లలు బ్యాండు మూసేశారు. గిటారు, బాస్, డ్రమ్స్ పట్టుకోవడమే వాళ్లు చేసిన నేరం.

అందుకే ‘బ్యూటీ అండ్ ద బీట్’ను ఒక పాత విజయంగా అద్దాల బీరువాలో పెట్టేయకూడదు. ఇంట్లో పది పన్నెండేళ్ల పాప బల్ల మీద చేతులతో దరువు వేస్తుంటే, గోల ఆపమనే ముందు ఈ ఆల్బమ్ రెండో వైపు మొదటి పాట ఆమెకు వినిపించండి. అట్ట మీది ఫొటో తర్వాత చూపించవచ్చు. ఆ డ్రమ్స్ వాయిస్తున్నది ఎవరో ముందు చెప్పండి.

2021 అక్టోబరు 30న క్లీవ్‌లాండ్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద అయిదుగురూ మళ్లీ కలిసి వాయించారు. ఆ పాట కూడా వాయించారు. డ్రమ్ముల వెనక కూర్చున్నది జీనా షాకే. అప్పటికి ఆమెకు 64 ఏళ్లు.